అనుభూత ఉష్ణోగ్రత పక్కన సూత్రం పేరు కూడా అచ్చువేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో రోజూ వాతావరణ వివరాలు వేసే చోట ఈమధ్య గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల పక్కన మూడో అంకె ఒకటి కనిపిస్తోంది. 'గరిష్ఠం 35, ఒంటికి తెలిసే వేడి 41' అన్న తీరులో దానిని అచ్చువేస్తున్నారు. దీనినే అనుభూత ఉష్ణోగ్రత అంటారు. మొదటి రెండు అంకెలకూ ఈ మూడో అంకెకూ పుట్టుకలోనే భేదం ఉంది. అవి ఉష్ణమాపకం చూసి రాసుకున్నవి. ఇది ఏ పరికరమూ చూపించినది కాదు, లెక్కగట్టి తేల్చినది. ఆ లెక్క ఎవరిదో, అందులో ఏయే కొలతలు వేశారో, అది ఏ గంటకు వర్తిస్తుందో చెప్పకుండా అంకెను మాత్రమే ముద్రించడం వల్ల పాఠకులకు ఉపయోగం కన్నా అయోమయమే ఎక్కువవుతోంది. ఒకే రోజు, ఒకే చోటికి మీ పత్రికలో ఒక సంఖ్య, చేతిలోని ఫోన్‌లో మరో సంఖ్య కనిపించినప్పుడు 'ఇందులో ఏ ఉష్ణమాపకం తప్పు?' అని నన్ను అడిగినవారు చాలామంది ఉన్నారు. వాతావరణ పరిశీలన కేంద్రంలో చాలా ఏళ్లు రీడింగులు తీసి పదవీ విరమణ చేసినవాడిని గనుక ఈ విషయం కొంత వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైనందుకు మన్నించగలరు.

కేంద్రంలో నిజంగా కొలిచేవి కొన్నే. నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున, తెల్లరంగు వేసి, గాలి ఆడేలా పలకలు ఏటవాలుగా అమర్చిన చెక్కపెట్టెలో ఉష్ణమాపకాలు ఉంటాయి. దీనిని స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. ఎండ నేరుగా తగలకుండా, గాలి మాత్రం స్వేచ్ఛగా తగిలేలా చేయడం ఆ పెట్టె పని. అందుచేత మనం ఉష్ణోగ్రత అని పిలిచే అంకె ఎప్పుడూ నీడలోని గాలిదే. ఆ పెట్టెలోనే పక్కపక్కన రెండు ఉష్ణమాపకాలు ఉంటాయి. ఒకదాని బల్బు పొడిగా ఉంటుంది, రెండోదాని బల్బుకు పల్చని నూలుగుడ్డ చుట్టి, దానికి ఒత్తి ద్వారా స్వేదనజలం అందేలా చేస్తారు. గుడ్డలోని నీరు ఆవిరవుతూ బల్బును చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ రెండింటి మధ్య తేడా అంత పెద్దదవుతుంది. పొడి బల్బు 35, తడి బల్బు దాదాపు 26 చూపితే గాలిలో తేమ 50 శాతమని పట్టిక చెబుతుంది. గాలి వేగాన్ని మాత్రం 10 మీటర్ల స్తంభం మీద కొలుస్తారు. ఇప్పుడు చాలా చోట్ల ఈ పనులన్నీ ఎలక్ట్రానిక్ సెన్సర్లే చేస్తున్నాయి గాని, కొలిచే అంశాలు మారలేదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. తడి బల్బు గుడ్డ మీద దుమ్ము పేరుకున్నా, ఒత్తి సరిగా తడి పీల్చకపోయినా ఆ ఉష్ణమాపకం ఉండవలసిన దానికన్నా ఎక్కువ చూపుతుంది. 26 చూపవలసినది 28 చూపిందనుకుందాం. అప్పుడు తేమ 50 శాతానికి బదులు సుమారు 59 శాతంగా లెక్కకు వస్తుంది, దాని మీద కట్టిన అనుభూత ఉష్ణోగ్రత 41 నుంచి దాదాపు 45కు ఎగబాకుతుంది. గాలి వేడి ఒక్క డిగ్రీ కూడా మారలేదు, మారినది గుడ్డ శుభ్రత ఒక్కటే. ఉద్యోగంలో చేరిన తొలిరోజుల్లో ఆ గుడ్డను మార్చడం విసుగు పుట్టించే పనిగా తోచేది. దాని విలువ తరువాత్తరువాత తెలిసివచ్చింది. కొలతలోని చిన్న దోషాన్ని ఈ సూత్రాలు పెద్దది చేసి చూపుతాయి.

అసలు ఇటువంటి లెక్క ఎందుకు అవసరమైందంటే, మన శరీరం ఉష్ణమాపకం లాంటిది కాదు. అది లోలోపల నిరంతరం వేడిని పుట్టిస్తూ ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషిలో సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది, చురుకుగా నడిచేవాడిలో 300 వాట్ల దాకా పుడుతుంది. ఆ వేడి ఎప్పటికప్పుడు బయటకు పోవాలి. చుట్టూ ఉన్న గాలి చర్మం కన్నా చల్లగా ఉన్నంతవరకు కొంత వేడి గాలిలోకి దానంతటదే పోతుంది. ఎండాకాలంలో చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి కూడా ఆ స్థాయికి చేరితే ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. భౌతికశాస్త్రంలో దీనినే బాష్పీభవన గుప్తోష్ణం అంటాం. అయితే ఆవిరైన చెమటకే ఆ శక్తి ఉంది, బొట్లుబొట్లుగా నేల మీద కారిపోయిన చెమట శరీరాన్ని చల్లబరచదు. చెమట ఎంత త్వరగా ఆవిరవుతుందన్నది చర్మం మీది ఆవిరి పీడనానికీ (నీటి ఆవిరి కలిగించే ఒత్తిడికి) గాలిలోని ఆవిరి పీడనానికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. 35 డిగ్రీల తడి చర్మం మీద ఆ పీడనం సుమారు 56 హెక్టోపాస్కల్‌లు (ఇది పీడనాన్ని కొలిచే ప్రమాణం). అదే ఉష్ణోగ్రతలో తేమ 30 శాతం ఉంటే గాలిలో ఉండేది 17 మాత్రమే, కాబట్టి తేడా 39. తేమ 70 శాతానికి పెరిగితే గాలిలోనే 39 ఉంటుంది, తేడా 17కు పడిపోతుంది. ఉక్కపోత అని మనం చెప్పుకొనే బాధకు మూలం ఇదే.

ఈ బాధను ఒక అంకెలోకి తెచ్చిన వారిలో ముఖ్యుడు రాబర్ట్ స్టెడ్‌మన్. ఆయన 1979లో ప్రచురించిన పరిశోధన మీదనే అమెరికా వాతావరణ శాఖ వాడే హీట్ ఇండెక్స్ నిలబడి ఉంది. స్టెడ్‌మన్ ఊళ్లో జనాన్ని 'మీకు ఎంత వేడిగా ఉంది?' అని అడిగి సగటు తీయలేదు. ఒక మనిషిని ఊహించుకొని, అతడి శరీరంలోకి వచ్చే వేడి, పోయే వేడి సమతూకంలో ఉండాలని లెక్క వేశారు. ఆ మనిషి ఎత్తు 1.7 మీటర్లు, బరువు 67 కిలోలు. నిండు ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా వేసుకొని, నీడలో, తేలికపాటి గాలిలో, సెకనుకు 1.4 మీటర్ల వేగంతో నడుస్తూ ఉంటాడు. పెద్దవాడు, ఆరోగ్యవంతుడు. మీరు అచ్చువేసే అంకె, సూత్రం అదే అయిన పక్షంలో, ఆ ఒక్క మనిషిది.

స్టెడ్‌మన్ లెక్క చేతితో వేయడానికి వీలైనది కాదు, మెట్టుమెట్టుగా సరిచూసుకుంటూ పోవలసినది. కనుక అమెరికా వాతావరణ శాఖకు చెందిన లాన్స్ రాత్‌ఫస్ 1990లో ఆయన పట్టికలకు దగ్గరగా సరిపోయే ఒక బహుపదిని కట్టి ఇచ్చారు. అందులో తొమ్మిది పదాలు ఉన్నాయి, కావలసినవి ఉష్ణోగ్రత, తేమ శాతం అనే రెండే రెండు కొలతలు. గాలి వేగానికి గాని, ఎండకు గాని అందులో చోటు లేదు. సుమారు 27 డిగ్రీల కన్నా తక్కువ వేడిలో దానిని వాడరాదు. నేడు ప్రపంచంలో అనేక చోట్ల కంప్యూటర్లు వాడుతున్నది ఈ బహుపదినే.

'41లా ఉంది' అంటే దేనిలా అన్నది పాఠకులకు ఎవరూ చెప్పడం లేదు. స్టెడ్‌మన్ ఒక ప్రమాణ వాతావరణాన్ని తీసుకున్నారు. అందులో ఆవిరి పీడనం 16 హెక్టోపాస్కల్‌లు. 41 డిగ్రీల గాలిలో ఆ పీడనం అంటే తేమ సుమారు 20 శాతమే. కాబట్టి తేమ 50 శాతం ఉన్న 35 డిగ్రీల గాలికి హీట్ ఇండెక్స్ 41 అన్నామంటే, తేమ 20 శాతమే ఉన్న 41 డిగ్రీల పొడి గాలిలో ఆ ఊహా మనిషి ఎంత ఇబ్బంది పడతాడో ఇక్కడ అంతే ఇబ్బంది పడతాడని అర్థం. ఉక్కపోతతో కూడిన 41 డిగ్రీల రోజును గుర్తుచేసుకొని పోల్చుకొనేవారు పొరబడతారు. గాలి బాగా పొడిగా ఉన్నప్పుడు ఈ అంకె ఉష్ణమాపకం కన్నా తక్కువకు కూడా వస్తుంది. 35 డిగ్రీల వద్ద తేమ 15 శాతమే ఉంటే హీట్ ఇండెక్స్ సుమారు 33. అటువంటి అంకె చూసిన వారు అచ్చుతప్పు అనుకుంటారు. అచ్చుతప్పు కాదు గాని, దానిని చూసి నిశ్చింతగా ఉండడమూ తగదు. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియకుండా ఆవిరైపోతుంది, ఒంట్లోని నీరు తరిగిపోతున్న సంగతి మనిషికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ ప్రమాదం ఈ లెక్కలో కనిపించదు.

ఇక ఫోన్‌లో వేరే అంకె ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జవాబు చెబుతాను. పై ఉదాహరణనే తీసుకుందాం: 35 డిగ్రీలు, తేమ 50 శాతం, ఆవిరి పీడనం సుమారు 28 హెక్టోపాస్కల్‌లు. అమెరికా హీట్ ఇండెక్స్ ప్రకారం ఇది 41. కెనడాలో హ్యుమిడెక్స్ అనే సూచిక ఉంది. ఆవిరి పీడనంలోంచి 10 తీసివేసి, మిగిలిన దానిని తొమ్మిదింట ఐదు వంతులు చేసి ఉష్ణోగ్రతకు కలుపుతారు. ఆ లెక్కన ఇదే గాలి 45. ఆస్ట్రేలియాలో వాడే సూత్రం కూడా స్టెడ్‌మన్ తరువాతి కాలంలో ఇచ్చినదే. అందులో ఉష్ణోగ్రతకు ఆవిరి పీడనాన్ని 0.33తో గుణించి కలిపి, గాలి వేగాన్ని 0.7తో గుణించి తీసివేసి, ఇంకో 4 తగ్గిస్తారు. సెకనుకు 2 మీటర్ల గాలి ఉంటే ఇదే గాలి 39, 5 మీటర్ల గాలి వీస్తే 37. ఒకే చోట, ఒకే గంటలో, ఒకే కొలతల నుంచి 37, 39, 41, 45 అనే నాలుగు సంఖ్యలు వచ్చాయి. వీటిలో ఏదీ తప్పు కాదు, ఒక్కొక్కటీ ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం. కెనడా వాతావరణ శాఖ హ్యుమిడెక్స్ పక్కన డిగ్రీ గుర్తు పెట్టదు. అది ఉష్ణోగ్రత కాదు, సూచిక అని ఆ అచ్చే చెబుతుంది. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. పోతే, కొన్ని వ్యాపార సంస్థలు తమ సూత్రాన్ని అసలు బయటపెట్టవు. సరిచూసుకొనే వీలే లేని అంకెను పత్రిక తన పేరు మీద అచ్చువేయవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే తప్పు ఒకటి ఉంది. సాపేక్ష ఆర్ద్రత, అంటే మనం చెప్పుకుంటున్న తేమ శాతం, రోజంతా ఒకేలా ఉండదు. గాలిలోని నీటి ఆవిరి ఏమాత్రం మారకపోయినా, వేడి పెరిగేకొద్దీ తేమ శాతం తగ్గుతుంది, ఎందుకంటే వేడి గాలికి ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకొనే వీలుంటుంది. తెల్లవారుజామున 28 డిగ్రీల వద్ద 84 శాతం తేమ ఉన్న గాలి, మధ్యాహ్నానికి 38 డిగ్రీలకు వేడెక్కితే, అదే ఆవిరితో, 48 శాతం దగ్గర ఉంటుంది. మధ్యాహ్నపు రెండు కొలతలనూ కలిపి లెక్కిస్తే హీట్ ఇండెక్స్ 47 నుంచి 48 మధ్య వస్తుంది, అది నిజంగానే ప్రమాదకరమైన స్థాయి. అయితే రోజువారీ నివేదికలో 'గరిష్ఠ ఉష్ణోగ్రత 38, గరిష్ఠ తేమ 84 శాతం' అని పక్కపక్కన కనిపించిన రెండు అంకెలను తెలియక ఒకే సూత్రంలో వేస్తే 75 వస్తుంది! ఆ రెండూ ఒకే క్షణంలో ఎన్నడూ కలిసి లేవు. అంత వేడి, అంత తేమ ఒక్కచోట కలవాలంటే గాలి డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 35 డిగ్రీలకు చేరాలి, అది భూమి మీద అత్యంత అరుదైన సంగతి. 60 దాటిన అంకెలు చేతికి వచ్చినప్పుడల్లా, వాటిని ముద్రించే ముందు, ఉష్ణోగ్రత ఏ గంటది, తేమ ఏ గంటది అన్న ప్రశ్న మీ కార్యాలయంలో ఎవరో ఒకరు అడగాలని వేడుకుంటున్నాను. భయం పుట్టించే అంకె ఒక్క రోజే నిలుస్తుంది. అది అబద్ధమని తెలిశాక, మరుసటి వడగాడ్పుకు ఇచ్చే నిజమైన హెచ్చరికను కూడా జనం నమ్మరు.

చలి విషయం క్లుప్తంగా చెబుతాను. అంటార్కిటికాలో పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్ ప్లాస్టిక్ పాత్రలో నీళ్లు పోసి ఆరుబయట వేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో చూసి, 1945లో ప్రచురించిన ఫలితాల నుంచి విండ్ చిల్ అనే, గాలి వల్ల పెరిగే చలిని చెప్పే లెక్క పుట్టింది. నీళ్ల పాత్ర మనిషి ముఖం కాదు గనుక అది చలిని ఎక్కువచేసి చూపింది. అందువల్ల 2001లో అమెరికా, కెనడా కొత్త సూత్రానికి మారాయి. దాని కోసం గాలి సొరంగంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 12 మందిని నడిపించి, వారి ముఖాల మీద సెన్సర్లు అమర్చి పరీక్షించారు. సున్నాకు దిగువన 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఆ సూత్రం మైనస్ 20 చెబుతుంది. దానర్థం ముఖం అంత వేగంగా వేడిని కోల్పోతుందనే గాని, ఏ వస్తువైనా మైనస్ 20కి చల్లబడుతుందని కాదు. ఎంత గాలి వీచినా ఎండిన వస్తువు గాలి ఉష్ణోగ్రత కన్నా కిందికి దిగదు.

మళ్లీ వేడికి వస్తాను, ఎందుకంటే ప్రాణాల మీదికి వచ్చే పొరపాటు ఇక్కడే ఉంది. హీట్ ఇండెక్స్ నీడలోది. ఎండలో నిలబడితే దానికి 8 డిగ్రీల దాకా కలుస్తుందని అమెరికా వాతావరణ శాఖే చెబుతుంది. మన ఊహా మనిషి నడుస్తున్నాడు, బరువులు మోయడం లేదు, గోతులు తవ్వడం లేదు. ఎండలో పనిచేసేవారి కోసం వేరే కొలత 1950ల నుంచే ఉంది. అమెరికా మెరైన్ దళ సైనికులు శిక్షణలో వడదెబ్బకు గురవుతుండడంతో తయారుచేసిన ఆ కొలతను వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రత అంటారు. నల్లరంగు పూసిన బోలు రాగి గోళంలో ఉష్ణమాపకం పెట్టి ఎండలో ఉంచుతారు. బయటి గాలికి, ఎండకు వదిలిన తడి బల్బు రీడింగుకు 70 శాతం, ఆ నల్లగోళానికి 20 శాతం, నీడలోని గాలికి 10 శాతం వాటా ఇచ్చి కలుపుతారు. సైన్యాలూ, క్రీడా నిర్వాహకులూ, కార్మికుల ఆరోగ్యం చూసేవారూ దీనినే పాటిస్తారు. అయితే ఈ అంకె చూడడానికి చిన్నదిగా ఉంటుంది. ఇందులో 32 అంటే చాలా ప్రమాదమని అర్థం, కాని ఉష్ణోగ్రత అనుకొని చదివిన వారికి అది హాయిగా ఉన్న రోజులా తోస్తుంది. పేరు చెప్పకుండా అంకె వేయరాదని నేను పట్టుబట్టడానికి ఇదొక్కటే చాలు. 2009లో అంతర్జాతీయ జీవవాతావరణ శాస్త్రజ్ఞులు సిద్ధం చేసిన సార్వత్రిక ఉష్ణ సూచికలో ఉష్ణోగ్రత, తేమ, గాలి, వికిరణం (ఎండ వంటి వాటి నుంచి కిరణాలుగా వచ్చే వేడి) నాలుగూ కలుస్తాయి. అది అన్నిటికన్నా సమగ్రమైనదని నా ఉద్దేశం, కాని వికిరణాన్ని కొలిచే లేదా అంచనా వేసే ఏర్పాటు ఉంటేనే దానిని లెక్కించగలం.

ఈ సూత్రాలకు హద్దులూ ఉన్నాయి. మరీ ఎక్కువ వేడి, తేమ కలిసిన చోట స్టెడ్‌మన్ లెక్కకు జవాబే ఉండదు, ఆయన పట్టికలో ఆ గళ్లు ఖాళీగా ఉంటాయి. బహుపది మాత్రం ఖాళీ వదలదు. ఏ అంకెలు వేసినా ఏదో ఒక జవాబు ఇస్తుంది. యి-చ్వాన్ లూ, డేవిడ్ రోంప్స్ అనే శాస్త్రవేత్తలు 2022లో స్టెడ్‌మన్ పద్ధతినే పొడిగించి లెక్కించి, తీవ్రమైన వడగాడ్పుల్లో వాడుకలో ఉన్న బహుపది ప్రమాదాన్ని తక్కువచేసి చూపుతోందని తేల్చారు. తడి బల్బు 35 డిగ్రీలు దాటితే ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో సిద్ధాంతపరంగా ప్రతిపాదించారు. 2022లో అమెరికాలో ఆరోగ్యవంతులైన యువతీయువకుల మీద గదిలో జరిపిన ప్రయోగాలలో, బాగా తేమ ఉన్న వేడిలో, శరీరం లోపలి ఉష్ణోగ్రత అదుపు తప్పడం తడి బల్బు 31 డిగ్రీల దగ్గరే మొదలైంది. వారంతా యువకులు. వృద్ధులకూ, పసిపిల్లలకూ, గుండె జబ్బున్నవారికీ, చెమటను తగ్గించే మందులు వాడేవారికీ ఆ హద్దు ఇంకా కిందనే ఉంటుంది. 67 కిలోల ఆ ఆరోగ్యవంతుడి అంకెను వారు తమదనుకొని బయటికి వెళ్లకూడదు.

అనుభూత ఉష్ణోగ్రతను మీ పత్రిక మానివేయాలని నేను కోరడం లేదు. ఉష్ణమాపకం ఒక్కటే చూసుకుంటే తేమ ఎక్కువగా ఉన్న 34 డిగ్రీల రోజు, పొడిగా ఉన్న 38 డిగ్రీల రోజు కన్నా తేలికైనదని జనం భావిస్తారు. చాలాసార్లు నిజం అందుకు విరుద్ధంగా ఉంటుంది. కాబట్టి అంకె ఉండాలి, దాని వెంట నాలుగు వివరాలూ ఉండాలి: ఏ సూత్రం, ఏ గంట, ఆ గంటలోని ఉష్ణోగ్రత, ఆ గంటలోని తేమ. కొలిచిన అంకెలను ఒక అక్షరాకృతిలో, లెక్కించిన దానిని మరో అక్షరాకృతిలో వేస్తే ఇంకా మంచిది. స్థలం చాలదని మీ పేజీ కూర్చేవారు అనవచ్చు గనుక, నేనే కూర్చి చూశాను: 'మధ్యాహ్నం 2.30కి నీడలో 35 డిగ్రీలు, తేమ 50 శాతం. హీట్ ఇండెక్స్ 41, ఎండలో ఇంకా ఎక్కువ.' మీ పత్రిక కాలమ్ వెడల్పులో ఇది రెండు వరుసల్లో పడుతుంది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
విశ్రాంత వాతావరణ పరిశీలకుడు